పరామర్శకు మార్కులు

నా ఇంగ్లీషుకు ఏం రోగం వచ్చిందని పరీక్ష పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెనాలిలో కాన్వెంటు చదువు, గుంటూరులో మెడిసిను, ఆ తర్వాత రెండేళ్లు ప్రసూతి వార్డు. కేస్ షీట్లన్నీ ఇంగ్లీషులోనే రాసినదాన్ని. అలాంటిది, డెబ్బైల నడుమ నేను షెఫీల్డులో దిగేసరికి కొత్త రూలు వచ్చి కూర్చుంది. బయటి దేశాల డాక్టర్లు వైద్యంలోనే కాదు, ఇంగ్లీషు మాట్లాడటంలోనూ పాసవ్వాలట. మా ఆయన నాకంటే మూడేళ్లు ముందు వచ్చి అక్కడి ఆస్పత్రిలో రిజిస్ట్రారు డాక్టరుగా చేస్తున్నారు కాబట్టి ఆయనకు ఆ బెడద లేదు. నేను పాసైతే డాక్టర్ని. లేకపోతే ఆస్పత్రి ఫ్లాట్‌లో డాక్టరు గారి భార్యని, అంతే.

మొదటిసారి లండన్ వెళ్లి రాశాను. వైద్యం పేపర్లు బాగానే రాశాను. మాట్లాడే పరీక్ష ఒక చిన్న గదిలో పెట్టారు. ఎదురుగా ఊలు కోటు వేసుకున్న పెద్దావిడ. చేతిలో కార్డులు పెట్టుకుని ఒక్కొక్క సందర్భం చదువుతోంది. బస్సులో ఎవరి కాలో తొక్కారు, ఏమంటారు? పక్కింటివాళ్లు రేడియో గట్టిగా పెట్టారు, మర్యాదగా ఎలా చెబుతారు? హోటల్లో సూప్ చల్లారిపోయి వచ్చింది, ఏం చేస్తారు? నిజానికైతే నోరు మూసుకుని తాగేస్తాను. అయినా తడుముకోకుండా చెప్పాను. ఇంతోటి దానికి షెఫీల్డు నుంచి రావాలా అని లోపల నవ్వుకున్నాను కూడా.

చివరి కార్డు తీసింది. "నేను మీ పక్కింటిదాన్ని. పోయిన వారం నా భర్త చనిపోయాడు. మీరు ఇప్పుడే నన్ను చూడటానికి వచ్చారు" అని కార్డు బల్లమీద పెట్టి నావైపు చూసింది.

మా వైపు పరామర్శకు వెళ్లి ఎలా పోయారు, ఏ డాక్టరుకు చూపించారు అని ఆరాలు తీసేవాళ్లు లేకపోలేదు. మా అమ్మకు వాళ్లంటే ఒళ్లుమంట. "వెళ్లి పక్కన కూర్చో. చెయ్యి పట్టుకో. నోరు మాత్రం మెదపకు" అని నాకు చిన్నప్పుడే నేర్పింది. లేచి వచ్చేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదన్నది ఎలాగూ అందరికీ తెలిసిందే. చావింటికి మళ్లీ వస్తాననడం అశుభం.

నేను అదే చేశాను. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాను. తల దించుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "డాక్టర్, మీరేదైనా మాట్లాడాలి" అంది. దుఃఖంలో ఉన్నవాళ్లు అలాగే విదిలిస్తారు కదా, ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను. గంట మోగేదాకా అలాగే కూర్చుని, మోగాక థాంక్యూ లేదు, గుడ్‌బై లేదు, లేచి వచ్చేశాను.

పైగా, చక్కగా చేశానని సంబరపడుతూ ఇంటికి వచ్చాను! మా ఆయన మొత్తం విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది. వైద్యం పాసు, ఇంగ్లీషు ఫెయిలు.

"నోట్లో నాలుక లేదుటే నీకు? సారీ అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది?" అని విరుచుకుపడ్డారు.

"కాలు తొక్కినా సారీయే, మొగుడు పోయినా సారీయేనా? సిగ్గుండాలి అడిగేవాళ్లకి!" అన్నాను. ఉత్తరం ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశాను. ఆ తర్వాత బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడ్చాను. ఇంగ్లీషు రానందుకు ఏడిస్తే నయమే. మనిషి దుఃఖం తెలియనిదాని కింద జమకట్టి నన్ను ఫెయిలు చేశారే అని ఏడ్చాను.

మళ్లీ పరీక్ష వచ్చేదాకా, ఆ ఆరు నెలలూ మా వంటింట్లో రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. సాయంత్రం ఆయన టీ కప్పు పట్టుకుని కూర్చుని తండ్రి పోయాడనేవారు, తమ్ముడు పోయాడనేవారు. ఒకరోజు కుక్క పోయిందన్నారు.

"కుక్కక్కూడానా?"

"ఈ దేశంలో ముందు దానికే చెప్పాలి. కానియ్!"

ఇంకోరోజు, "నా భార్య పోయింది. చెప్పు" అన్నారు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఏం మాటలండీ అవి!"

ఆయన నవ్వలేదు. "పరీక్ష ఈసారి కూడా పోయిందంటే నీ స్టెతస్కోపు అటకెక్కించాల్సిందే. ఆలోచించకు. నేను ఆపగానే నువ్వు మొదలుపెట్టాలి" అన్నారు.

మొదలుపెట్టాను. నా చావుకు నేనే ఆయన్ని పరామర్శించాను. ముందు సారీ, తర్వాత మీకెంత కష్టంగా ఉంటుందో అని, చివర నేను చేయగలిగింది ఏదైనా ఉంటే చెప్పండని. నెలలు గడిచేకొద్దీ ఆ మూడు ముక్కలూ నీళ్లు తాగినంత సులువుగా వచ్చేశాయి.

రెండోసారి పరీక్షకు వెళ్లినప్పుడు వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన ఓవర్‌కోటు కింద చీర కట్టుకున్న అమ్మాయి కూర్చుంది. నేను పెదవులు కదుపుతూ వల్లె వేసుకోవడం చూసి "తెలుగోళ్లా?" అని అడిగింది. హైదరాబాదు పిల్ల, కార్డిఫ్‌లో ఉంటోందట. ఆమెకు ఇదే మొదటిసారి.

"లోపల ఏమడుగుతరక్కా?"

ఆమెకు నా గతి పట్టకూడదనిపించింది. "బస్సులూ సూపులూ సరేలే. చావు గురించి అడిగితే మాత్రం ఊరుకోవద్దు. వెంటనే మాట్లాడు" అన్నాను.

ఆమె ఒడిలో చేతి సంచిని గట్టిగా పట్టుకుంది. నేలకేసి చూస్తూ చెప్పింది.

"మా అన్న పోయిండక్కా. రెండు నెలలాయె. అందరు పోయి చూసిన్రు. ఈ పరీక్ష ఉన్నదని నేనొక్కదాన్నే పోలే."

ఆమె ఆపింది. నేను మొదలుపెట్టాను.

"ఐ యామ్ సో సారీ టు హియర్ దట్. ఇట్ మస్ట్ బి వెరీ హార్డ్ ఫర్ యు. ఇఫ్ దేర్ ఈజ్ ఎనీథింగ్ ఐ కెన్ డూ..."

మూడు ముక్కలూ వరసగా, ఎక్కడా తడబడకుండా, మర్యాదగా వచ్చేశాయి. పక్కన కూర్చున్నది తెలుగుపిల్ల అని నాకు గుర్తొచ్చేసరికి అంతా అయిపోయింది. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"మీరు పాసయితరక్కా" అంది.

పాసయ్యాను.