పిలిస్తే దీర్ఘం

పక్క వాటాలో పిల్లవాడికి ట్యూషన్ చెప్పే అమ్మాయి ఈ మధ్య రోజూ సాయంత్రం వాడి చేత ఇంగ్లీషు అచ్చుల్ని సాగదీయిస్తోంది. గోడకి ఇవతల ఒంటరిగా కూర్చున్న నేను, పంతులమ్మ ఉద్యోగం వదిలి ఇన్నేళ్లయినా చేతులు ఊరుకోక, వాడు సాగదీసినప్పుడల్లా అరచేతులు రెండుసార్లు చరుస్తున్నాను.

నా ఈడు బడిపంతుళ్లకి ఈ చరుపులు తెలిసే ఉంటాయి. మాటని అక్షరాలుగా విడగొట్టి, పొట్టిదానికి ఒకసారి, దీర్ఘానికి రెండుసార్లు చరవాలి. 'పడు' అంటే రెండు, 'పాడు' అంటే మూడు. తొంభైల్లో గోదావరి నడుమ ఒక లంకలో, ఉన్నది ఒకే టీచరైన బడికి నన్ను వేసినప్పుడు, నా దగ్గరున్న విద్యంతా ఇదే. మా అమ్మ చనిపోయిన ఏడాదే ఆ ఉద్యోగం వచ్చింది. బడి వదిలి అద్దెగది తాళం తీశానంటే మళ్లీ మర్నాడు గంట కొట్టేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు.

లంక పిల్లలకి దీర్ఘాలు నేర్పనక్కర్లేదు. అవతలి గట్టునున్న పడవవాణ్ణి కేకేసి కేకేసి వాళ్ల నోట పొట్టి అక్షరం నిలిచేది కాదు. 'పలక' చూపిస్తే 'పాలాకా' అని ఏటికి అటువైపు వినపడేలా చదివేవారు. వాళ్లని కుదించలేక నా గొంతు పోయేది. ఒక్క పిల్లతోనే తిరకాసు. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఆ పిల్ల, వాచకంలో 'అమ్మా, ఆకలి' అని ఉన్న చోట 'అమ్మ' అని ఆపేసేది. బడి వదిలాక కూడా నా దగ్గరే కూర్చునేది. దానికీ తోచదు, నాకూ తోచదు. ఒకరోజు విసుగొచ్చి, ఊరికే చెబితే పొట్టి, పిలిస్తే దీర్ఘం, ఇంతేగా అన్నాను.

“మా అమ్మ కువైట్‌లో ఉందండి టీచరుగారు,” అంది. “పిలిస్తే ఇనపడదు కదండి.”

ఆ పూట పాఠం అక్కడితో ఆపేశాను. మళ్లీ దాన్ని దిద్దలేదు.

ఎండాకాలం ముందు వాళ్లమ్మ సెలవు మీద వచ్చింది. పిల్ల మనిషిని గుర్తుపడుతుందో లేదోనని అమ్మమ్మకి బెంగ, రేవులో దాని చెయ్యి పట్టుకుని నిలబడ్డ నాకూ బెంగే. పడవ ఏటి మధ్యలో ఉండగానే అందులో ఎవరిదో చెయ్యి లేచి ఊగింది. పిల్ల కాసేపు తేరిపార చూసి, ఏ చరుపులకీ లొంగనంత దీర్ఘం తీసి “అమ్మా” అని కేకేసి, నా చెయ్యి విదిలించుకుని మోకాలిలోతు నీళ్లలోకి పరుగెత్తింది. నాకు ఎంత సంతోషం వేసిందో అంత దిగులూ వేసింది. ఆ మర్నాటి నుంచి బడి వదిలాక నా దగ్గర ఎవరూ కూర్చోలేదు.

ఇప్పుడు ఆ లంకకి వంతెన వచ్చిందట, పడవని కేకెయ్యక్కర్లేదు. దేశాలు పోయిన తల్లులు ఫోనులో మొహం చూపిస్తున్నారు, పిల్లలు గొంతెత్తకుండానే వాళ్లకి వినపడుతోంది. మంచిదే, ఆ రోజుల్లో దానికి ఈ సుఖం లేకపోయింది. నాకు మాత్రం ఇంట్లో దీర్ఘం తీసి పిలవాల్సినవాళ్లు లేరు. నిన్న పక్క వాటాలో పాఠం అయిపోయి అంతా సద్దుమణిగాక, ఏం తోచిందో, 'అమ్మా' అందామని చేతులు చాపాను. మూడో చరుపు దాకా వెళ్లలేకపోయాను. ఆ పిల్లకి లాగే నాకూ గొంతు పొట్టి అక్షరం దగ్గరే ఆగిపోయింది.