సోంబరు పక్కన పెట్టిన ఇరవై ఓట్లు

అరకు పైకొండల్లో కాఫీ, చోళ్ళు అనే రాగులు పండించే సోంబరుకు చదువు రాదు. అయినా ఊరంతా వేటకు వెళ్ళి వచ్చినప్పుడు మాంసం వాటాలు వేసేది అతడే. ముందుగా కొండదేవత వాటా తీసి పక్కన పెడతాడు. తరువాత ఇంటికొక చింతపిక్క ఆకుడొప్పలో వేసుకుంటూ పంచుతాడు. అతడి లెక్కను మరొకరు సరిచూడరు.

2004 ఎన్నికల్లో ఆ ఊరి పోలింగు కేంద్రానికి నేను ప్రిసైడింగ్ అధికారిని; సోంబరు ఒక స్వతంత్ర అభ్యర్థికి ఏజెంటు. తక్కిన ఏజెంట్లెవరూ ఆ రోజు రాలేదు. అసెంబ్లీ ఓట్ల యంత్రం సరిగా పనిచేస్తున్నదని చూపడానికి అతడి ఎదుటే ఇరవై నమూనా ఓట్లు నొక్కించాను. ఫలితం సరిపోయింది. వాటిని చెరిపివేసి సీలు వేయాలి. అంతలో బయట వరుసలో తోపులాట మొదలైంది. సీలు వేశాను; చెరపలేదు.

సాయంత్రానికి రిజిస్టరులో రెండు వందల పద్నాలుగు మంది. ఓటరుకొకటిగా సోంబరు డొప్పలో వేసిన పిక్కలూ అన్నే. యంత్రం మాత్రం రెండు వందల ముప్పై నాలుగు చూపింది. పొద్దున చెరపని ఇరవై అప్పుడు గుర్తొచ్చాయి.

"ఆ ఇరవయ్యీ దేవత వాటా కాదేటి బాబూ? పొద్దున్నే ముందుగా తీసినారు కదా. నానూ ఏరే డొప్పలో ఎట్టినాను," అన్నాడు సోంబరు.

"మిషనుకి దేవతేటి మావా!" అని నవ్వబోయిన నా సహాయకుడు కొండబాబు నా ముఖం చూసి ఆగాడు. గొంతు తగ్గించి, "సార్, రానోల పేర్లు ఇరవై రాసీసి, ఏలిముద్రలు మనమే ఏసేద్దాం. బేగి అయిపోద్ది," అన్నాడు.

నేను వెంటనే కాదనలేదు. ఆ క్షణకాలపు మౌనం తలచుకుంటే నేటికీ సిగ్గు వేస్తుంది.

సోంబరు లేచి నిలబడ్డాడు. "ఏటి గుంటడా, రానోల వాటా నువ్వు తినేత్తావా? ఆ లెక్క కాయితం మీద నా ఏలు పడదు. ఊరు నన్ను నమ్మి ఇక్కడ కూకోబెట్టింది."

యంత్రం తనపై నొక్కిన ప్రతి ఓటునూ లెక్కించింది. తప్పు నాది. జరిగినది జరిగినట్టు ఓట్ల లెక్క ఫారంలో రాసి, అతడికి చదివి వినిపించాను. అతడు వేలికి సిరా అద్దుకుని ఆగాడు.

"నా తప్పు రాయనేదేటి బాబూ? ఆ ఇరవై ఏటని అడక్కుండా ఊరుకున్నాను. అదీ రాయి."

ఫారంలో అందుకు గడి లేదు. అంచున రాశాను. అప్పుడు ముద్ర వేశాడు.

కొద్ది రోజులకే రీపోలింగు జరిగింది. దానికి నన్ను పంపలేదు, అది న్యాయమే.