బ్రోకరును పక్కన పెట్టి కొన్న ఇల్లు

మేము తిరుపతిలో ఇల్లు కొన్న రోజుల్లో బ్రోకర్లకు ఆఫీసులూ బోర్డులూ ఉండేవి కావు. గాంధీ రోడ్డులో ఒక కాఫీ హోటలు ముందు పొడుగాటి బల్ల ఉండేది. పొద్దున తొమ్మిది దాటాక ఆ బల్ల మీద చంకలో గొడుగు, జేబులో మడతపెట్టిన కాగితాలతో కూర్చున్నవాళ్లే ఇళ్ల బ్రోకర్లు. ఆడవాళ్లు అక్కడికి వెళ్లి నిలబడడం అప్పట్లో వాడుక కాదు. మా ఆయన రేణిగుంటలో ఒక గోడౌనులో గుమాస్తా, చీకటితో పోతే చీకటికి వచ్చేవారు. ఇంక నేను కాక ఎవరు పోవాలి? నేనే పోయాను.

డెబ్భైలు ముగుస్తున్న కాలం అది. మేము అద్దెకున్న ఇంటి ఓనరు, ఆ ఇంటిని గదులు గదులుగా చేసి కొండకు వచ్చే యాత్రికులకు రోజువారీ ఇస్తే మా నెల అద్దె నాలుగు రోజుల్లో వస్తుందని లెక్కేసుకున్నాడు. ఉగాదిలోపు ఖాళీ చేయమన్నాడు. మా నాయన నాకిచ్చిన ముప్పాతిక ఎకరా చిత్తూరు దగ్గర ఉండేది, అది అమ్మాము. పద్దెనిమిదేళ్లు చీటీలు కట్టి దాచింది దానికి కలిపాను. అంతకుమించి మా దగ్గర చిల్లిగవ్వ లేదు. అప్పు చేయడం మా ఇంటా వంటా లేదు. ఆ డబ్బు చేజారితే మళ్లీ కూడబెట్టే వయసూ లేదు. అందుకని ప్రతి ఇల్లూ పదిసార్లు చూశాను.

మాకు ఇళ్లు చూపించిన బ్రోకరు యాభై దాటిన మనిషి. ఇళ్ల బేరాల్లోకి రాకముందు పలమనేరు సంతలో ఎద్దుల దళారిగా చేశాడట. ఆ అలవాటు పోలేదు. ఏ ఇంటికి తీసుకుపోయినా ముందు గోడ మీద అరచేత్తో రెండు చరుపులు చరిచేవాడు, ఎద్దు వీపు చరిచినట్టు. గోడ బాగుంటే "మంచి కండ ఉండాదమ్మా" అనేవాడు. నేను ఊరుకుంటానా? కొబ్బరితాడుకు ఆరడుగులకొక ముడి వేసి తీసుకుపోయి ప్రతి స్థలం అంకణాల లెక్కన, ఆరడుగుల చదరం ఒక అంకణంగా, నేనే కొలిచేదాన్ని. ఒక ఇంటికి వంటింట్లో వెలుతురు లేదు. ఒక ఇంటి ముందు సారాయి అంగడి. ఇంకొక ఇంట్లో, చెప్పిన దానికన్నా రెండు అంకణాలు తక్కువ వచ్చాయి.

ఆరో ఇల్లు వద్దన్న రోజు ఆయన గొడుగు నేలకు ఆనించి, "అమ్మా, మీరు ఇల్లు కొనేకి వచ్చినారా, వంకలు పెట్టేకి వచ్చినారా?" అన్నాడు.

"వంక లేని ఇల్లు చూపించప్పా, నోరు మూసుకొని కొంటా" అన్నాను.

ఏడోది కొర్లగుంటలో. ముందు పెంకుల వసారా, వెనక రెండు గదులు, వంటిల్లు, పెరట్లో చేదబావి. తాడు వేసి కొలిస్తే ఇరవై ఎనిమిది అంకణాలు, చెప్పినంతకు చెప్పినంత. బావిలో చేద వేసి నీళ్లు తోడి నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. ఆ ఇల్లు నాకు కావాలి, అంతే. నా ముఖం చూసి ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. బయటికి వచ్చాక మెల్లగా చెప్పాడు.

"ఒక మాటమ్మా. ఓనరుతో మీరేమీ మాట్లాడొద్దండి. ఏమున్నా నాతోనే. ఈ ఇంటికి కొంచెం పని ఉండాది. అది నేను సూసుకుంటా."

పని అంటే ఏమిటని నేను అడగలేదు. ఓనరు ఒక ధర చెబితే మాకింకొక ధర చెప్పి, మధ్యలో తినే పని అనుకున్నాను. పైగా కమీషను నూటికి రెండు. ఇంటి ధర పద్దెనిమిది వేలంటే కమీషనే మూడు వందల అరవై. చదువు మూడో తరగతితో ఆగింది కానీ లెక్క నాకు ఆగలేదు. గోడలు చరిచినందుకు మూడు వందల అరవయ్యా?

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం నేనే కొర్లగుంటకు పోయి ఓనరు తలుపు తట్టాను. ఆయన ప్రెస్సులో పనిచేసే మనిషి, మెతక. "బ్రోకరు లేకపోతే నీకూ మిగులుతుంది, నాకూ మిగులుతుంది" అన్నాను. ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "ఆయన ఏమన్నా అనుకుంటాడేమో అక్కా" అన్నాడు. అనుకుంటే అనుకోనీ అన్నాను. పదిహేడు వేల ఐదు వందలకు మాట కుదిరింది. అగ్రిమెంటు కూడా దస్తావేజులు రాసేవాళ్ల దగ్గరికి పోకుండా ఇంట్లోనే రాయించాను. మా ఆయన చేతిరాత బాగుంటుంది కదా, రాతకూలి దండగ ఎందుకని. మూడు వేలు అడ్వాన్సు ఇచ్చాము. ఆ రాత్రి మా ఆయన, "ఆ బ్రోకరుకు ఒక మాట చెప్పి ఉండాల్సింది" అన్నారు. నేను వినిపించుకోలేదు. బ్రోకరు ఒకసారి రోడ్డు మీద ఎదురైతే తల తిప్పుకుని పోయాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నెల తరువాత రిజిస్ట్రేషను కోసం పాత పత్రాలు పట్టుకుని దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి పోయాము. ఆయన అద్దాలు సర్దుకుని, "ఇల్లు మీ నాయన పేర ఉండాదే. ఆయనకు పిల్లలు ఎంతమంది?" అని ఓనరును అడిగాడు.

"నేను, మా అక్క. అక్కను పలమనేరులో ఇచ్చినాము."

"నాయన వీలునామా రాసినాడా?"

"లేదు."

"అయితే మీ అక్క కూడా సంతకం పెట్టాల."

"పెండ్లి చేసి పంపించినాం గదా సార్, ఇంక ఆడబిడ్డకు ఏం సంబంధం?"

"సంబంధం లేదని నువ్వంటే చాలదప్పా. ఆమె అనాల, రిజిస్ట్రారు ముందర."

ఓనరు మరుసటి రోజే కాగితం పట్టుకుని పలమనేరు బస్సెక్కాడు. సాయంత్రానికి కాగితం అట్లాగే మడతలు పడి వెనక్కు వచ్చింది. అక్క గడప దాటనివ్వలేదట. చచ్చినా పెట్టను పొమ్మందట. మా అడ్వాన్సు అడిగితే ఆయన నేల చూపులు చూశాడు. ఆ మూడు వేలూ తీసుకుపోయి ఇంకొకచోట స్థలానికి అడ్వాన్సు ఇచ్చేశాడు. ఇల్లు రాదు, డబ్బు రాదు. ఉగాదికి ఇంకా నెలన్నర. ఇంటికి వచ్చి పొయ్యి ముందర కూర్చున్నాను, పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. మా ఆయనే వచ్చి పొయ్యి వెలిగించి ఎసరు పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు కాఫీ హోటలు ముందరికి పోయాను. బ్రోకరు బల్ల మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచి, పక్కవాళ్లను జరగమని చోటిచ్చాడు. కాఫీ చెప్పాడు. నేను వద్దన్నా చెప్పాడు.

"ఏమ్మా, వాకిలి ఉండగా గోడ దూకి పోయినారంట?"

"దూకినా. కాలు విరిగింది. ఇప్పుడు ఏం చేయాలో చెప్పు."

అంత చప్పున ఒప్పుకుంటానని అనుకోలేదేమో, ఆయన నవ్వాడు. "ఆ అక్క సంగతి నాకు మొదటి రోజే తెలుసునమ్మా. ఉండే పని అదే. రెండు తూర్లు పలమనేరుకు పోయొచ్చినా. మొదటి తూరి మజ్జిగ ఇచ్చింది. రెండో తూరి అన్నం పెట్టింది. ఇంకొక తూరి పోయుంటే అడుగుదును. అంతలో మీ తొందర మీది."

"ఎంత కావాలంట ఆమెకు?"

"అదే మీతో చిక్కు. ఆమెకు డబ్బు అక్కర్లేదు. పుట్టిల్లు అమ్మేటప్పుడు ఆడబిడ్డ ముందర తాంబూలం పెట్టి, చీర పెట్టి, అమ్మమంటావా అని అడగాల. తమ్ముడు పోయి సంతకం పెట్టు అన్నాడు. ఎద్దును అమ్మేటప్పుడే మా పలమనేరు పక్క, ఇంటి ఆడబిడ్డ చేత బొట్టు పెట్టించి పంపిస్తారు. ఇల్లు ఎద్దు కన్నా తక్కువా?"

చీర కొనడానికి నన్నే వెంటబెట్టుకుని పోయాడు. నేను అంచు లేని నూలుచీర ఒకటి తీశాను. ఆయన అంగడిలో అందరి ముందరా దాన్ని మడిచి వెనక్కి పెట్టి, జరీ అంచుది తీశాడు. "ఇది తమ్ముడు పెట్టే చీర. మీరు పెట్టేది కాదు" అన్నాడు. తమ్ముడి దగ్గర డబ్బు లేదు. నేనే ఇచ్చి, ఇంటి ధరలో మినహాయించుకోమని మా ఆయనకు చెప్పాను.

శుక్రవారం తెల్లవారకముందే నేనూ బ్రోకరూ ఓనరూ ముగ్గురం బస్సెక్కాము. చిత్తూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి చలి. పలమనేరులో దిగాక బ్రోకరు ఓనరును బస్టాండులో టీ అంగడి దగ్గర కూర్చోబెట్టాడు.

"నువ్వు ఈడనే ఉండు. నువ్వు నోరు తెరిస్తే చెడతాది. పిలిస్తే రా."

అక్కగారి ఇల్లు ఊరి చివర. ఆవులు నాలుగు. ఆమె పాలు పిండుతూ ఉంది. మమ్మల్ని చూసింది, లేవలేదు. బ్రోకరు ఇంటి మాట ఎత్తలేదు. ఆవు చుట్టూ తిరిగి, పొదుగు చూసి, "చూలా?" అన్నాడు. నాలుగో నెల అంది ఆమె. అరగంట ఆవుల మాటలే. నాకు ఒళ్లంతా మంటలు. బస్సు ఛార్జీలు పెట్టి వచ్చింది ఆవుల మాటలకా అని.

చివరికి ఆమె చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది. నా వయసే ఉంటుంది. "ఇల్లు కొనేది నువ్వేనా?" అంది.

"నేనే."

"ఆ ఇంట్లో నేను పుట్టినా. మాయమ్మ ఆ ఇంట్లోనే కండ్లు మూసింది. అమ్ముతా ఉండామని నాకు వక్క ముక్క పెట్టి సెప్పినోడు లేడు. నువ్వు సెప్పు, నీ పుట్టిల్లు నీకు సెప్పకుండా అమ్మితే ఊరకుంటావా?"

బ్రోకరు నా వైపు చూశాడు. బతిమాలమని ఆ చూపు. బతిమాలడం నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఈయన నీ దగ్గరికి వచ్చి అడగాలనే ఉన్నాడు. నూటికి రెండు రూపాయలు మిగులుతాయని నేనే ఈయనను తప్పించినా. మీ తమ్ముడిని తొందరపెట్టింది నేను. తప్పు నాది."

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "నూటికి రెండుకా?" అంది. "నూటికి రెండుకా, మే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "యాడ ఉండాడు వాడు? బస్టాండులో దాచిపెట్టినారా? పిలవండి."

తమ్ముడు వచ్చి పళ్లెంలో ఆకూ వక్కా, అరటిపళ్లూ, చీరా పెట్టి నిలబడ్డాడు. ఆమె చీర విప్పి అంచు చూసింది. "ఇది నువ్వు తెచ్చింది కాదులే, నీకంత తెలివి యాడిది" అంది. ఆమే అడిగింది. "అమ్మేదేనా, ఇంక తప్పదా?" వాడు తలూపాడు. "సరే పో. పెడతా సంతకం." ఇద్దరూ కాసేపు ఏడ్చారు. నేనూ బ్రోకరూ పోయి ఆవుల దగ్గర నిలబడ్డాము.

ఉగాదికి పదిరోజుల ముందు రిజిస్ట్రేషను అయింది. ఆమె ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని సంతకం పెట్టింది, నాలాగే. బ్రోకరుకు నూటికి రెండూ పూర్తిగా ఇచ్చాను, ముందు అనుకున్న పద్దెనిమిది వేల మీదనే. ఆయన లెక్క చూసుకోకుండా జేబులో పెట్టుకున్నాడు. "లెక్కపెట్టుకో అప్పా" అంటే, "మీరిస్తే మళ్లీ లెక్కపెట్టేది ఎందుకమ్మా" అన్నాడు.

సాయంత్రం తాళంచెవులు ఇచ్చేందుకు అందరం ఆ ఇంటికి పోయాము. అక్కగారు గదులన్నీ తిరిగి వచ్చి వసారాలో కూర్చుంది. పొద్దు వాలుతున్నా లేవలేదు. పొమ్మనలేను, ఉండమనలేను. చివరికి ఆమె అడిగింది.

"రేపు పాలు పొంగించేది ఎవరు? నీకు ఆడబిడ్డలు ఉండారా?"

"లేరు. మా ఆయన ఒక్కడే."

"అయితే నేను పొంగిస్తా."

అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది. ఆ రాత్రి అక్కడే పడుకుంది. తెల్లారి కొత్త గిన్నెలో పాలు పొంగించింది. తూర్పుకు పొంగినాయని అరిచి చెప్పింది. ఆడబిడ్డ పాలు పొంగిస్తే ఊరికే పంపకూడదు కదా. రెండు నెలలు నిండకుండా నా చేతి నుంచి రెండో చీర పోయింది. ఈసారి జరీ అంచు నేనే తీశాను.

తరువాత చాలా ఏళ్లు, తిరుపతికి ఏ పని మీద వచ్చినా నెయ్యి సీసా పట్టుకుని మా ఇంట్లోనే దిగేది. దిగిన దగ్గర నుంచి వంకలే. "బావి గట్టు పాచి పట్టింది. వసారాలో చీకటి పెట్టుకున్నావు." ఒకసారి వంటింట్లోకి వచ్చి నిలబడిపోయింది.

"ఆ మూల మాయమ్మ తిరగలి పెట్టేది. నువ్వు బొగ్గుల బస్తా పెట్టినావేంది మే?"

నా ఇంట్లో నా బొగ్గులు ఎక్కడ పెట్టుకుంటే ఎవరికేమి అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆమె బస్సెక్కిపోయాక బస్తాను పెరట్లోకి ఈడ్చి, మూల కడిగి, మా తిరగలి తెచ్చి అక్కడ పెట్టాను. నిజం చెప్పాలంటే, పిండి విసరడానికి వెలుతురు బాగా పడేది ఆ మూలనే.