ప్రహ్లాదరావు రాసిచ్చిన పదకొండు పేర్లు

బంగారు గని మూసేనాటికి ప్రహ్లాదరావుకు యాభై రెండేళ్లు. టైమాఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు ఆయన చేసిన పని ఒక్కటే: గనిలోకి దిగేవాడి పేరు రాసుకోవడం, పైకి వచ్చాక ఆ పేరుకు టిక్కు పెట్టడం. అదీ ఒక ఉద్యోగమేనా అని చుట్టాలు ఎకసెక్కాలాడేవారు. ఆడనీ. టిక్కు పడని పేరు ముందు పెన్సిలు పట్టుకుని కూర్చున్నవాడికే తెలుస్తుంది అదేం ఉద్యోగమో. ఆయన షిఫ్టుల్లో అలా పదకొండు పేర్లు మిగిలిపోయాయి. లోపల రాళ్లు పేలి, పైకప్పు కూలి పోయినవాళ్లు. పదిమంది శవాలు దొరికాయి. మునివెంకటప్పది దొరకలేదు.

ఆ రిజిస్టర్లు తర్వాత ఎటు పోయాయో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పదకొండు పేర్లూ ఇక తన బుర్రలోనే ఉన్నాయని, తనతోపాటే కాటికి పోతాయని ఆయనకు బెంగ పట్టుకుంది. గని పక్కనే ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుంటూ, దొరికిన ఇంగ్లీషు నవలనల్లా చదువుతూ, ఆ బెంగతోనే పద్దెనిమిదేళ్లు గడిపాడు.

అప్పుడు బెంగళూరు నుంచి నలుగురు కెమెరాలతో దిగారు. మూతపడ్డ బంగారు గనిలో జరిగే వీడియో గేమ్ ఒకటి తయారుచేస్తున్నారట. మూడు రోజులపాటు ప్రహ్లాదరావు వాళ్లను ఎండలో, బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీదా, గనిలోకి దిగే షాఫ్టుల చుట్టూ తిప్పాడు. వాళ్లలో కళ్లద్దాలతను, "గేమ్ కథనే ఇంగ్లీషు నవలగా కూడా వేస్తున్నాం అంకుల్. నిజమైన పేర్లుంటే బాగుంటుంది" అన్నాడు.

గేమ్ అన్న మాట ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాడు పెద్దమనిషి. నవల అన్న మాట మాత్రం పట్టుకున్నాడు. నవలంటే పుస్తకం, పుస్తకమంటే లైబ్రరీ బీరువా, ఆ బీరువాలోకి చేరిన పేరుకు ఇక చావు లేదు. అంతవరకే ఆలోచించాడు. పదకొండు పేర్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

"వాళ్లింటోళ్లను ఒక మాట అడగల్ల కదా?" అంది భార్య వత్సల.

"మంచి పనికి అడిగేదేముండాది?" అన్నాడు.

అక్కడితో ఆగాడా? ఊరంతా చెప్పుకున్నాడు. బస్సెక్కి బేతమంగళ దాకా పోయి మునివెంకటప్ప భార్య చిన్నవెంకటమ్మకు కూడా చెప్పివచ్చాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "పుస్తకం వచ్చినంక నాకు చూపించు సామీ" అంది.

ఏడాదికి పుస్తకం పోస్టులో వచ్చింది. అట్ట మీద పచ్చ కళ్ల పుర్రె. ప్రహ్లాదరావు అలవాటు ప్రకారం పెన్సిలు పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీలోనే ఊళ్లో బతికున్నవాడు ఒక్కడూ లేడని తేల్చేశారు. ఇంకా ఇక్కడే కాపురముంటూ, పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి వచ్చే వేలమంది ఏమైనట్టో ఆ రాసినవాడికే తెలియాలి. మూడో అధ్యాయంలో గనిలో చచ్చినవాళ్లు కుళ్లిన ఒంటితో పైకి వస్తారు. హీరో తుపాకి పట్టుకుని వాళ్లను ఒక్కొక్కరినే కాలుస్తాడు. పదకొండుమందికీ పేర్లున్నాయి. నూట నలభై రెండో పేజీలో మునివెంకటప్ప తల పేలిపోయింది. పేర్లలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. దస్తూరి అంత శుభ్రం మరి.

రైలు దిగి ఇంటికొచ్చిన కూతురు మధుర పుస్తకం తిరగేసి తల పట్టుకుంది. "అప్పా, ఇది గేమ్‌లో నుంచి తీసిన నవల. గేమ్‌లో చంపేదే పని. చంపేదానికి ఎవురో ఒకరు కావల్ల కదా" అంది. కళ్లద్దాలతనికి ఫోన్ చేసి అడిగితే, అంకుల్ సంతకం పెట్టే ఇచ్చారు కదా, చివరి పేజీలో థాంక్స్ కూడా చెప్పాం అన్నాడు. నిజమే, చెప్పారు. ఈ ఊరి మనుషుల్లో పుస్తకం ముగిసేదాకా చావనిది ప్రహ్లాదరావు పేరొక్కటే. ఆయనకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

మూడోనాడు పొద్దున చిన్నవెంకటమ్మ వచ్చింది. పోస్టులో పుస్తకం వచ్చిన సంగతి ఎవరో చెప్పారట. సంచిలో వేరుశెనక్కాయలు తెచ్చింది.

"ఆయన పేరు యాడుండాదో చూపించు సామీ."

అబద్ధం చెప్పమని వత్సల వంటింటి గుమ్మంలోంచి కళ్లతోనే బతిమాలింది. ప్రహ్లాదరావు పేజీ తీశాడు. చిన్నవెంకటమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఏం రాసినారు?"

"పైకి వచ్చినాడని రాసినారమ్మా."

ఆమె ముఖం వెలిగిపోయింది. "వచ్చినాడా! ఇంటికి పోతానన్నాడా?"

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. కానీ ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క దొంగ టిక్కు పెట్టని మనిషి ఆయన. ఊరుకోలేకపోయాడు.

"లేదమ్మా. వచ్చినోణ్ణి తుపాకితో కాల్చేసినారు. ఇదొక ఆట. ఆడే ప్రతివాడూ మళ్లా మళ్లా కాలుస్తాడు."

చిన్నవెంకటమ్మ వేలు తీసేసింది. "వాళ్లకు ఆయన పేరెట్ల తెలిసె?"

"నేనే రాసిచ్చినాను."

ఆమె లేచింది. వత్సల తెచ్చిన కాఫీ ముట్టలేదు. ప్రహ్లాదరావు చేతులు జోడించి వెనకే గేటుదాకా వచ్చాడు. అప్పుడు తిరిగి చూసి అంది:

"మొగుని పేరు పలికితే ఆయుసు తగ్గుతాదని మాయమ్మ చెప్పినాది సామీ. పెండ్లయిన నాటినుంచీ ఒక్క తూరి నోటితో అనలేదు. ఊరంతా పోయినాడన్నారు, నా బొట్టు తీసేసినారు. శవం ఎవురూ చూపించలేదు కదా, ఏమోలే అని ముప్పై ఏండ్లుగా ఇంగా అనలేదు. నువ్వు కాగితం మీద రాసి, కాల్చుకోండి అని ఇచ్చేసినావు."