చిరుగు లేని కోటు

చిరిగిన బట్ట కంటబడితే ఆయనకి అన్నం సహించదు. వీధిలో అందరూ ఆయన్ని సూదాయన అంటారు. మేడమెట్ల కింద చిన్న గది, అందులో ఒక బల్ల, మెడ వంచిన దీపం, భూతద్దం. అదే ఆయన దుకాణం. కొత్త బట్టలు కుట్టడం చేతకాక కాదు, ఆ పనిలో గొప్పేముందని ఆయన ప్రశ్న. చిరిగిన గుడ్డ లోపలి మడతలోంచే పోగులు లాగి, ఒకటి పైకీ ఒకటి కిందకీ నేసుకుంటూ పోయి, చిరుగుని మాయం చేస్తాడు. "జనానికి కనబడకపోతే చాలదు, నాకే కనబడకూడదు" అంటాడు.

ఒకరోజు పొద్దున్న బట్టల మూటతో వీధి మలుపు దాటుతుంటే, తిరుగుతున్న కారు పక్క అద్దం ఆయన ఎడమ డొక్కలో గట్టిగా కొట్టింది. ఆ ఊపుకి ఎగిరి కాలిబాట మీద కుడి భుజం ఆనించి పడ్డాడు. ఒంటి మీద నెత్తురు చుక్క లేదు. కారాయన కంగారుగా దిగి, వెనక సీట్లో పడుకోబెట్టి, స్వయంగా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో ఏడ్చాడు కూడా. ఆ కన్నీళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ లాయరుని కలిసేదాకే. తర్వాత కారు తగలనే లేదట, ఈయనే కాలు మెలిక పడి పడిపోతే తను జాలిపడి ఆసుపత్రిలో చేర్చాడట! దయకి కూడా గడువు తేదీ ఉంటుంది కాబోలు.

మూడు పక్కటెముకలు విరిగాయన్నాడు డాక్టరు. పైకి కనబడని లోదెబ్బ. వంగి కూర్చుంటే ఎముకలు సరిగ్గా అతుక్కోవు, కొన్నాళ్ళు పని మానెయ్యాలి. డాక్టర్లు విశ్రాంతిని చీటీ మీద ఉత్తినే రాసిస్తారు, కొనుక్కోవలసింది మాత్రం రోగే. సూదాయన పని మానేస్తే ఇంట్లో పొయ్యి మానేస్తుంది. నష్టపరిహారం వస్తేనే విశ్రాంతి, రాకపోతే మళ్ళీ వంగిన వీపే.

కేసు ఆయన భార్య తమ్ముడి చేతిలో పడింది. కొత్త లాయరు, నోరు కాస్త పెద్దది. వస్తూనే, "బావా, ఆరోజు వేసుకున్న కోటేదీ? అద్దం తగిలి చిరిగిందన్నావుగా. కారు రంగు కూడా అంటుకుని ఉంటుంది. ఆ ఒక్కటి చాలు, వాళ్ళ నోళ్ళు మూయిస్తా" అన్నాడు.

భార్యాభర్తలు మొహామొహాలు చూసుకున్నారు. ఆవిడ లోపలికెళ్ళి ఉతికి, ఇస్త్రీ చేసి, హ్యాంగరుకి తగిలించిన కోటు తెచ్చింది.

"చిరుగెక్కడ?"

"ఇదిగో, ఇక్కడే."

"ఎక్కడ బావా?"

"కనబడ్డం లేదు కదూ?" సూదాయన మొహం వెలిగిపోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే, పడుకోమంటే పడుకోకుండా, వీపు వెనక దిండ్లు పెట్టించుకుని, ఊపిరి తీసినప్పుడల్లా మూలుగుతూ కుట్టేశాడు. కుర్చీ మీద నోరు తెరుచుకుని ఉన్న కోటుని చూస్తూ పడుకోవడం ఆయన వల్ల కాలేదు.

బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. "అక్కా, నువ్వైనా ఆపొద్దా?"

"నేనేం ఆపుతాన్రా? తెల్లటి గీత ఏదో ఉంటే బ్రష్షు పెట్టి రుద్దింది నేనేగా."

లాయరు కాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. "పోనీ విప్పెయ్ బావా. చిరుగు మళ్ళీ తెరిస్తే సరి."

సూదాయన కోటుని గుండెకి హత్తుకున్నాడు. "విప్పితే అది నేను చేసిన చిరుగవుతుంది, కారు చేసింది కాదు. రేపు ప్రమాణం చేసి అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం సంగతి అలా ఉంచు" అంది భార్య. "ఆ కుట్టు విప్పడానికి ఈయనకి చేతులు రావు. ఎముకలు పోయినా పర్వాలేదు గానీ కుట్టు పోకూడదు!"

ఆయన కోటుని తీసుకెళ్ళి మళ్ళీ హ్యాంగరుకి తగిలించాడు.

విచారణ రోజు జడ్జిగారి బల్ల మీద కోటు పరిచారు. కంపెనీ లాయరు దాన్ని ఇటూ అటూ తిప్పాడు.

"ఎడమ పక్క చిరిగిందన్నారు, కుట్టేశానన్నారు. ఏదీ ఆ కుట్టు?"

"మీ వేలి కిందే ఉందండీ."

ఆయన వేలు తీసి చూశాడు. కళ్ళజోడు మార్చాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టాడు. వెనక్కి వచ్చి గొంతు పెంచి, "సార్, ఈ కోటు ఎప్పుడూ చిరగలేదు! అబద్ధానికైనా హద్దుండాలి!" అన్నాడు.

సూదాయన పెదవులు చెవులదాకా సాగాయి. జీవితంలో ఆయన్ని అంతగా పొగిడినవాళ్ళు లేరు. బల్ల కింద బావమరిది ఆయన కాలు తొక్కి, "నవ్వకు బావా, మనం ఓడిపోతున్నాం" అని పళ్ళ మధ్యనుంచి గొణిగాడు.

తర్వాత డాక్టరుని పిలిచారు. ఎక్కువ మాటల మనిషి కాదు. ఎక్స్‌రేని వెలుగుకి ఎత్తి పట్టుకుని చెప్పాడు: "తనంతట తను పడ్డవాడికి పడిన పక్కే దెబ్బ తగులుతుందండీ. ఈయనకి కుడి భుజం కమిలింది. అది పడ్డం వల్ల. ఎముకలు విరిగింది ఎడమ పక్క, మూడూ ఒకే చోట లోపలికి వంగి. కాలిబాట రెండు పక్కల నుంచీ వచ్చి కొట్టదు కదా!"

జడ్జిగారు కారాయన వంక చూశారు. కారాయన తన బూట్ల వంక చూసుకున్నాడు. కారు అద్దం కొద్దిగా తగిలి ఉండొచ్చేమో అని, ఎవరూ అడక్కుండానే నసిగాడు. కొంచెం సిగ్గు మిగిలే ఉంది పాపం.

తీర్పు వచ్చింది. విరిగిన ఎముకలకీ, పడ్డ నొప్పికీ, పోయిన పనికీ పరిహారం ఇమ్మన్నారు. బావమరిది ఇంటికొచ్చి గట్టిగా చదువుతూ ఒకచోట ఆగి, "కోటు కింద అడిగింది మాత్రం కొట్టేశారు బావా. కోటుకి నష్టం జరిగిన ఆనవాళ్ళు లేవట" అన్నాడు.

"ఆ ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు సూదాయన.

భార్య తల కొట్టుకుంది. "ఎక్కడ దొరికారమ్మా ఈయన నాకు!" అంటూనే ఆవిడా నవ్వింది.

కేసు తేలేదాకా వంగి కుడుతూనే ఉండడంతో ఎముకలింకా సరిగ్గా అతకలేదు. మర్నాటి నుంచి మెట్ల కింద గదికి తాళం పడింది. మొదట్లో ఆయన పట్టపగలు మంచం మీద పడుకోవడానికి సిగ్గుపడ్డాడు. తలుపు చప్పుడైతే లేచి కూర్చునేవాడు. కర్టెను అంచులో పోగు లేచిందని చెయ్యి చాచబోతే, భార్య ఆ కర్టెను తీసి పక్కగదిలో దాచేసింది.

"పడుకోండి" అంది. "లోకంలో చిరుగులన్నీ మీ కోసం ఆగుతాయిలెండి."

కిటికీలోంచి ఎండ మంచం మీదకి వచ్చింది. ఆయన మెల్లిగా ఎడమ పక్కకి ఒత్తిగిలి చూసుకున్నాడు. కాస్త కలుక్కుమంది, అంతే. అలాగే కళ్ళు మూసుకుని, భార్య ఇంకేదో చెబుతుండగానే నిద్రపోయాడు.