తెగిన పాట

డీజే కావాలంటే ఏమేం కొనాలక్కా అని ఇప్పుడు ఆడపిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్, పాటలు కలిపే రెండు చక్రాల కంట్రోలర్, మంచి హెడ్‌ఫోన్స్ అని చెబుతాను. చెబుతుండగానే ధర్మవరంలో మా మగ్గం గది, పైకప్పు సందులోంచి దిగే ఎండ, అందులో తేలే పట్టు నూగు కళ్ల ముందుకొస్తాయి.

నేను చెవిని తయారు చేసుకున్నది ఆ గదిలోనే. నాయన ఒక మగ్గం మీద, అమ్మ ఇంకో మగ్గం మీద నేసేవాళ్లు. రెండు చప్పుళ్లూ వేరువేరుగా నడుస్తూ నడుస్తూ ఎక్కడో ఒకటైపోయేవి. కాసేపు జతగా సాగి మళ్లీ విడిపోయేవి. ఆ జత కోసం మధ్యాహ్నాలు కళ్లు మూసుకుని కాచుకునేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో! మగ్గం మీది నిలువు దారాల పడుగు అయిపోవస్తే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతకడం నా పని. తర్వాత పాట తోకకు ఇంకో పాట తల కలపడం నేర్చుకుంటుంటే, ఓస్, ఇది నాకొచ్చిన పనే కదా అనిపించింది.

నాయన మాత్రం ససేమిరా అన్నాడు. "ఆడపిల్ల పెండ్లిండ్లలో పాటలు ఏసేదేందప్పా" అని మూతి ముడుచుకుని కూర్చున్నాడు. నేనేం తక్కువ తిన్నానా? అన్నం మానేశాను. చివరికి ఆయనే దిగొచ్చాడు.

"మీ చిన్నమ్మ కూతురి పెండ్లిలో ఏసుకో పో. పాట నడమ తెగిందా, ఆ పెట్టె మూసేసి వచ్చి మగ్గంలో కూచోవల్ల."

సరేనన్నాను.

అనంతపురంలో కల్యాణ మండపం, సాయంత్రం. పాటలోంచి పాట వస్తోంది. అత్తలు కొంగులు దోపి ఆడుతున్నారు. మా మగ్గం గదిలోనే ఉన్నట్టు తేలిపోతున్నాను. ఠక్కుమని కరెంటు పోయింది.

నా పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ప్లగ్గు లేకపోతే అది ఉత్త పలక. మావి చేతిమగ్గాలు. కరెంటు పోతే పని ఆగిపోతుందన్న ఊహే మా వంశంలో ఎవరికీ లేదు, నాకెక్కడినుంచి వస్తుంది!

ఫోన్ల వెలుతురులో నాయన జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి రావడం కనిపించింది. ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాను.

"ఏం చేస్తాండావు పాపా?"

"తెగింది కదా నాయనా. మూసేస్తాండా."

"పోగు తెగితే మగ్గం ఇడిసిపెట్టి పోతామా?" అని కసిరాడు. "అతుకు."

జనరేటర్ ఇంకా అందుకోలేదు. నాయన నా బల్లను అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు, పాట ఆగినప్పటి వేగంతోనే. అత్తలు చప్పట్లు కలిపారు. లైట్లు వెలిగాయి. ల్యాప్‌టాప్ తాపీగా లేచింది. అంతసేపూ ఆయన ఆపలేదు. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవి నాయనకు వదిలేసి, ఆయన దెబ్బ మీదికి పాటను మెల్లగా దించాను.

జనం మళ్లీ ఆటలో పడ్డారు. నాయన చెయ్యి ఇంకా బల్ల మీదే ఆడుతోంది. ఆపమని నేను చెప్పలేదు.