గొలుసుల కంపెనీ తెర మీద సుగుణ పేరు

దెయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక నేను నమ్మడం మొదలుపెట్టానని కూడా ఎవరూ అనుకోవద్దు. బందరులో పన్నెండేళ్లుగా సండే స్కూల్ పిల్లలకు వాక్యం చెబుతున్నాను. పోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రిస్తారని, మన మధ్య తిరగరని ఆ పిల్లలకు చెప్పేది నేనే. అయినా జరిగింది మాత్రం దాచను.

నా పని కంప్యూటర్లది. చిన్న కంపెనీలకు సొంత సర్వర్ పెట్టుకునే స్తోమత ఉండదు. అందుకని హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్వర్ అద్దెకు తీసుకున్నాను. చిలకలపూడిలో ఒక రోల్డ్‌గోల్డ్ నగల కంపెనీ, ముదినేపల్లిలో చేపల మేత ఏజెన్సీ, గుడివాడలో రక్తపరీక్షల ల్యాబ్, ఈ మూడింటి సాఫ్ట్‌వేర్లూ దాని మీదే నడుస్తాయి. వాళ్లు తమ ఆఫీసుల్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా ఆ సర్వర్ తెర తెరుచుకుంటారు. లాడ్జి లాంటిదని చెబుతుంటాను. మెట్లు అందరికీ ఒకటే, గది మాత్రం ఎవరిది వాళ్లదే. ఒకరి గదిలోకి ఇంకొకరు తొంగి చూడలేరు. నేను అమ్ముకునేది ఆ గోడనే.

సుగుణ ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్. పెళ్లికి ముందు మా సంఘంలోనే పాటలు పాడేది. పని అయ్యాక సైన్ ఔట్ చెయ్యకుండా, మూలనున్న ఎక్స్ నొక్కి వెళ్లిపోయేది. అలా చేస్తే తెర మాయమవుతుంది గానీ సర్వర్ మీద ఆమె గది తెరిచే ఉంటుంది.

"తలుపు వేసి వెళ్లవే తల్లీ" అని వారానికోసారి ఫోన్ చేసేదాన్ని.

"పొద్దున్నే మళ్లీ వచ్చేదాన్నేగా అక్కా! నీ సర్వర్‌కి నా ఒక్కదాని బరువేనా?" అనేది.

సుగుణ జబ్బు చేసి పోయింది. సమాధి చేసి వచ్చిన మర్నాడు సర్వర్ మీద ఆమె తెరిచి వదిలిన గదిని నా చేత్తోనే మూసి, ఖాతా తీసేశాను. నెల తర్వాత అందరినీ కొత్త సర్వర్‌కు మార్చి, పాతదాన్ని పూర్తిగా చెరిపించాను. కొత్తదాని మీద సుగుణ అనే పేరే ఎప్పుడూ లేదు.

ఆ తర్వాత రెండు నెలలకు, ఒక బుధవారం పొద్దున పదకొండు గంటలకు, నగల కంపెనీ మస్తాన్ గారు ఫోన్ చేశారు.

"ఎస్తేరమ్మా, మా గొలుసు డిజైన్ మీదకి ఎవరో సుగుణంట, మెసేజ్ పెట్టింది. మీ కొత్త స్టాఫా? రక్తంతో మాకేం పనమ్మా?"

ఫోటో తీసి పంపారు. తెర మధ్యలో చిన్న పెట్టె. పైన పంపినవారి పేరు, టైము. లోపల ఒకే వాక్యం: మోపిదేవి పావని ట్యూబు మారింది, రక్తం గ్రూపు మళ్లీ చూడండి.

ఒకరి తెర మీదకి అలా మెసేజ్ పంపే అధికారం ఆ సర్వర్ మీద నాకొక్కదానికే ఉంది. నేను పంపలేదు. వెంటనే సర్వర్ మీద ఎవరెవరున్నారో చూపే జాబితా తెరిచాను. ఆ సమయానికి సర్వర్ మీద ఉన్నది మస్తాన్ గారి తెర ఒక్కటే. ముదినేపల్లి వాళ్లు ఇంకా ఆఫీసు తియ్యలేదు. గుడివాడలో రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపారు, తొమ్మిది నుంచి ల్యాబ్‌కు నెట్ లేదు.

"మేం ఎవరికీ చెప్పంలేమ్మా. మీరూ వదిలేయండి" అన్నారు మస్తాన్ గారు. "పొక్కిందంటే మీ గోడకి కన్నం ఉందంటారు."

ఆయన అన్నది నిజమే. ల్యాబ్ పేషెంట్ పేరు నగల కంపెనీలో కనబడిందంటే నా పని అయిపోయినట్టే. అయినా ప్రార్థన చెయ్యడానికి కూడా ఆగలేదు. ఏం చెయ్యాలో నాకు తెలుసు. తెలిశాక ప్రార్థన పేరు చెప్పి ఆలస్యం చెయ్యడం నాకిష్టం లేదు.

ల్యాబ్ డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన గొంతు లేచింది.

"మా పేషెంట్ పేరు బందరు గొలుసుల వాళ్లకెలా తెలిసిందండీ?"

"నాకు తెలీదు సార్. ముందు ట్యూబులు చూడండి. నన్ను తర్వాత తిడుదురుగాని."

చూశారు. నెట్ లేక ఆ పూట లేబుళ్లు చేత్తో రాశారట. వచ్చినవాళ్లలో ఇద్దరు పావనిలు, ఇద్దరి ఇంటిపేరుకీ మొదటి అక్షరం ఒకటే, లేబుల్ మీద రాసింది ఆ అక్షరమే. మోపిదేవి అమ్మాయికి మర్నాడు ఆపరేషన్. రిపోర్టులో పడింది రెండో పావని గ్రూపు.

"రక్తం ఎక్కించేముందు ఆసుపత్రిలో మళ్లీ చూస్తారు లెండి, అక్కడ దొరికేదే" అన్నారు డాక్టరుగారు. దొరికేదేమో. దొరికేదాకా ఆగమని ఆ అమ్మాయి తల్లితో అనగలరా?

విజయవాడ నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించాను. రెండు రోజులు వెతికాడు. నా పాస్‌వర్డ్ ఎవరూ వాడలేదు. గోడకు కన్నం లేదు. ట్యూబులు మారినట్టు ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు. తెలిసినా, ల్యాబ్ లైను నుంచి తప్ప ఫోన్ నుంచి మా సర్వర్ తెరుచుకోదు.

సంఘ పెద్దగారు దురాత్మ అన్నారు. నా ఆఫీసు గదిలో ఉపవాస ప్రార్థన పెట్టిద్దామన్నారు. "ఒకరి ప్రాణం కాయడానికి దురాత్మ పూనుకుంటుందా అయ్యగారూ?" అని అడిగాను. దేవదూత అంది మా పిన్ని. "దేవదూతకి సుగుణ పేరెందుకు పిన్నీ?" అన్నాను. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయింది. నా దేవుడు ఎవరిచేత ఏం చేయించాడో నాకు చెప్పలేదు. ఆయన చెప్పనిదాన్ని ఆయన పేరు మీద నేను చెప్పను.

మిగిలిన రెండు కంపెనీలకూ ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లు నా దగ్గరే ఉన్నారు. డాక్టరుగారు మాత్రం రిపోర్టు అడిగారు. "సాఫ్ట్‌వేర్ లోపం, సరిచేశాం అని రాయండి. కాదంటే హ్యాకర్ అనండి. ఫైల్లో ఏదో ఒకటి ఉండాలిగా."

కారణం తెలియలేదు అని రాసి సంతకం పెట్టాను. ల్యాబ్ నా సర్వర్ వదిలి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరు ఎక్స్ నొక్కి వెళ్లినా గంటలో గది దానంతటదే మూసుకుంటుంది. రోజూ పొద్దున్నే జాబితా చూస్తాను. ఆ పేరు మళ్లీ రాలేదు.

పోయిన నెల డాక్టరుగారు ఫోన్ చేశారు. "రిపోర్టులో ఆ ఒక్క లైను మార్చండి ఎస్తేరు గారూ, మళ్లీ మీ దగ్గరికే వస్తాం."

"ఆ రోజు పావని సంగతి ఎవరు చెప్పారో మీకు తెలిస్తే చెప్పండి సార్, ఇప్పుడే మారుస్తాను" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ లైను అలాగే ఉంది.